బోర్డు మీది చీమ అక్షరాలు

హేజూ, లేవగానే ముఖం కడగొద్దు, గోకొద్దు. ఓక్జా పిన్ని గుమ్మం ముందుకే కారు తెస్తుంది. ఆమెతో వెళ్లి ఊరి నడిబొడ్డున సొమ్యన్‌లో మంచి డాక్టరుకి చూపించుకో. మన బుసాన్‌లో నునుపు తేలుస్తామని ముఖానికి యాసిడ్ పూసేవాళ్లు సందుకొకరున్నారు, అందుకని ముందు బోర్డు చదువు. డాక్టరు పేరూ, "చర్మవైద్యశాల" అన్న మాటా పక్కపక్కనే ఒకే సైజులో ఉంటే అతను చర్మం గురించి చదివినవాడు. మధ్యలో చీమలంత అక్షరాల్లో "చికిత్స విభాగం" అని దూర్చి ఉంటే ఎవడో మామూలు డాక్టరు. నీ బుగ్గలు కాల్చినవాడి బోర్డు మీద ఆ చీమలున్నాయి. నిన్న వెళ్లి చూశాను.

ఉచితంగా మళ్లీ పూస్తామని వాళ్లు పిలిచినా అక్కడ అడుగు పెట్టకు. కౌంటర్ దగ్గరి పిల్ల "తోలు ఊడితేనే కదమ్మా కొత్తది వచ్చేది" అని నవ్వింది. "బజార్లో రోజూ పాముచేపల తోలు ఒలిచేదాన్ని తల్లీ, ఒక్కదానికీ కొత్తది రాలేదు" అన్నాను.

ఇవాళ ఆ డాక్టరు కోసమే వెళ్తున్నా. నీకు పూసిన ఆ సీసాలో మందు నా ఎదురుగా వాడి బుగ్గలకి వాడే పూసుకోవాలి. లేదంటే జుట్టు పట్టి వంచి నేనే పూస్తాను. బతికున్న పాముచేపే నా చేతిలోంచి జారలేదు, వాడెంత!

పొయ్యి మీద నత్తగుల్లల జావ ఉంది. ఉప్పెక్కువైతే తిట్టుకో, రుచి చూడకుండానే బయల్దేరుతున్నా.

అమ్మ

పోలీసు స్టేషన్ నుంచి ఫోనొస్తే పరుగెత్తుకు రాకు. నీ ముఖానికి ఎండ తగలకూడదు. పొద్దుగూకాక రా.