వెనక్కి వచ్చే బటన్

పూణె,
ఆదివారం

అన్నయ్యకు,

నీ చెల్లెలు శైలజ నమస్కారాలు. నువ్వూ వదినా అమ్మా కులాసాగా ఉన్నారా? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఫోనైతే స్పీకర్లో పెట్టి అమ్మకి వినిపిస్తావు, అందుకే షాపు అడ్రసుకి ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ ముసురు వదలట్లేదు, బట్టలు ఆరట్లేదు. పొద్దున అటుకులు, రాత్రి చపాతీలు. నోరు చచ్చిపోయింది. వదినని గోంగూర పచ్చడి పంపమను, కారం తగ్గించొద్దను.

నా పని తెలుసుగా. కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించుకోవడానికి మామూలు జనం తిప్పలు పడకుండా, బటన్ నొక్కితే అయిపోయేట్టు చెయ్యడం. పోయిన నెల నీ ఫ్లెక్సీల షాపులో పెట్టి చూడమన్నాను. నువ్వేమో కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించి మొదలెట్టావు. సగంలో అది "ఎక్కించమంటారా?" అని అడిగేసరికి గడియారం చూసి ఆగిపోయావు. "రాహుకాలం వచ్చిందే, ఇప్పుడెట్టా నొక్కేది?" అన్నావు. నీ జవాబు కోసం అది అట్లాగే కూర్చుంది. ప్రింటర్‌ని కూడా కదలనివ్వలేదు. వెనక్కి పోదామంటే బటనే లేదు. "ఏందే ఇది, షాపు మూయించావు!" అని ఫోన్లో అరిచావు. చానాసేపు నవ్వుకున్నాను.

ఆ తర్వాత ప్రతి చోటా 'వద్దు, వెనక్కి' అనే బటన్ పెట్టాను. మా మేనేజర్, మన తెలుగాయనే, అందరి ముందూ మెచ్చుకున్నాడు. "సగంలో మనసు మారినా మనిషి ఏదీ పోగొట్టుకోకుండా బయటపడాలి" అన్నాడు. ఇదే అదనని ఆయన గదిలోకెళ్ళి నా సర్టిఫికెట్లు అడిగాను. నరసరావుపేట కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామన్నారు కదా, నెలాఖరులోగా ఒరిజినల్స్ చూపించాలి. అవేమో ఇక్కడ చేరిన రోజే తీసుకుని బీరువాలో పెట్టేశారు. చేరేప్పుడు బాండు రాసిన రెండేళ్ళూ నిండితేగానీ ఇవ్వరట. "ఎందుకమ్మా తొందర" అని నవ్వి, తాళాలు జేబులో వేసుకున్నాడు.

ఊపిరాడట్లేదన్నయ్యా. టెన్త్ మార్కుల లిస్టు దగ్గర్నుంచీ అన్నీ అందులోనే ఉన్నాయి. రోజూ ఆ బీరువా పక్కనే కూర్చుని ఊళ్ళోవాళ్ళు బయటపడే బటన్లు చేస్తున్నాను. ఒక్కదాన్నే గట్టిగా అడగాలంటే భయమేస్తోంది. నువ్వొచ్చి పక్కన నిలబడితే చాలు, నేనే మాట్లాడతాను. అమ్మకి మాత్రం బాగానే ఉన్నానని చెప్పు. తిండికీ నిద్రకీ నిజంగానే లోటు లేదు.

వదినని, పెద్దమ్మ వాళ్ళని నేను అడిగినట్టు చెప్పు. నా బదులు అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి బయల్దేరు. ఈ ఒక్కసారికీ రాహుకాలం, వర్జ్యం చూడకుండా, వినుకొండలో ముందు ఏ రైలొస్తే అది ఎక్కు.

నీ రాక కోసం చూస్తూ,
చెల్లెలు
శైలజ