వంకర పోయిన వెండి పువ్వు

ఎల్కో, నెవాడా
మార్చి 9

చెల్లీ ఐడెల్లా, మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా చేతి వణుకు తగ్గలేదు.

నిన్న పశువుల కామందు అర్రియోలా తన గుర్రపు కళ్లెం కోసం దుకాణానికి వచ్చాడు. గుర్రం నోట్లో ఉండే కడ్డీ అరిగిపోతే కొత్తది అతికాను. అది గట్టిగానే కుదిరింది. పక్క రేకు మీద వెండి పువ్వు చెక్కుతుంటే మాత్రం ఉలి జారి, పువ్వు వంకర పోయింది. ఆయన సంగతి నీకు తెలుసుగా. ఇదివరకైతే "ఏం పనయ్యా ఇది! గాడిదకైనా పెడతారా?" అని తిట్టి, మళ్లీ చేయించందే వదిలేవాడు కాదు. నిన్న ఆ పువ్వు చూశాడు, నా చెయ్యి చూశాడు. "బాగుంది ఆల్వా, చాలా బాగుంది" అని మెల్లగా అనేసి కళ్లెం సంచిలో వేసుకున్నాడు. తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది. ఆయన వెళ్లగానే కొలిమి ఆర్పేశాను. ఇవాళ వెలిగించలేదు.

అమ్మకు ఈ మాట చెప్పకు. ఎర్రావు ఈనిందా? అక్కడ మంచు కరిగిందా? నేను వచ్చేస్తే, ఇలాంటి చేతులతో చేయగల పని మీ ఆయన దగ్గర ఏమైనా ఉంటుందేమో అడిగి రాయి. ఏ పనైనా సరే.

పిల్లలు చల్లగా ఉండాలి.

మీ అన్నయ్య
ఆల్వా