మూడో కిటికీ పెన్ను, మా అన్న పేరు

గౌరవనీయులైన పింఛన్ల విభాగం అధికారి గారి సముఖమునకు,
గోదావరిఖని గని కార్మికుల క్వార్టర్ల నుంచి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా అన్న సదయ్య పేరు మా అన్నకు వాపసు ఇప్పించుట, నా పింఛన్ ఎప్పటి నుంచి మొదలుపెట్టవలెనో తేల్చుట, మరియు ఒక పెన్ను గురించి.

ఇందుమూలముగా లైన్ల నిలబడ్డ సమస్త ఆడమగలకు, తమరి ఆఫీసు అటెండరుకు ప్రకటించునది ఏమనగా, గత సోమవారం మూడో నంబరు కిటికీకి సుత్లితోని కట్టి ఉన్న నీలిరంగు పెన్ను మాయమైన కేసులో దొంగ దొరికిండు. నేనే. సుత్లి తెంపుటకు పండ్లు తప్ప వేరే ఆయుధం వాడలేదు. నా ఎనుక నిలబడ్డ ముసలామె మీద అనుమానపడ్డరని తర్వాత తెలిసింది. చేసింది ఒకడు, మాటపడ్డది ఇంకొకలు. ఆమె మళ్ల వస్తే నా తరఫున క్షమాపణ చెప్పగలరు.

ఆ పెన్ను నేను రాసుకునేటందుకు ఎత్తుకపోలే. సంతకం పెట్టుడు తప్పించుకునేటందుకు ఎత్తుకపోయిన. ఎందుకో ఈ కింద వరుసగా మనవి చేసుకుంటున్న.

1. నా పేరు పోశం. తమరి రికార్డుల నా పేరు సదయ్య. సదయ్య అనగా మా అన్న, నాకంటె ఏడేండ్లు పెద్ద. మా నాయినకు బొగ్గుబాయిల నడుము ఇరిగి అన్‌ఫిట్ అయితే, ఆ కొలువు పెద్దకొడుకు సదయ్యకు రాసిన్రు. ఆ కాయితం పట్టుకొని బాయిల దిగింది మాత్రం నేను. ఇట్ల మారుపేరుతోని పనిచేసినోళ్లు ఈ బొగ్గుబాయిల మీద నేనొక్కణ్నే కాదని తమరికి ఎరికే. అయినా తప్పు తప్పే.

2. అట్లెందుకు జరిగిందనగా, మా అన్న పిరికివాడగుటచేత. మొదటి రోజు లాంపు నడుముకు కట్టుకొని బాయి మూతి దాక వచ్చి, లోపటి చీకటి చూసి, కాళ్లు వణికి, పొద్దుగాల తిన్న గట్క అక్కడనే కక్కుకున్నడు. "నాతోని కాదు తమ్మీ, నువ్వే పో" అన్నడు. ఈ కథ నేను క్యాంటీన్ల, పెండ్లిల్లల్ల, చావు కాడ గూడ చెప్పిన. టోపీ ఎనుకముందు పెట్టుకొని, మోకాళ్లు కొట్టుకుంట నటించి చూపెట్టేది. దానితోని మా అన్నకు ఊర్లె 'జడుపు సదయ్య' అని పేరు పడ్డది. అసలు పేరు నేను తీసుకుంటి, దాని జాగల ఈ పేరు ఇస్తి.

3. రెండు పేర్లతోని ముప్పై అయిదేండ్లు ఎట్ల ఎల్లదీసిననో రాస్తే దస్తా కాయితం కావాలె. నా పెండ్లి కార్డు మీద పోశం అని అచ్చేసిరి. నా షిఫ్టోళ్లు పది మంది వచ్చి, కార్డు చూసి, ఇది మన సదయ్య పెండ్లి కాదని ఇంకో ఫంక్షన్ హాల్ల తిని పోయిన్రు. మొన్న రిటైర్మెంటు నాడు మా మేనేజరు సారు శాలువ కప్పుకుంట "అరవై ఒకటిల గూడ ఎంత గట్టిగున్నవయ్యా" అన్నడు. నాకు నిజానికి యాభై నాలుగు. "అంతా బాయి నీళ్ల మహిమ సార్" అన్న. అందరు నవ్విన్రు. నవ్వించుడు నాకు చిన్నప్పటి నుంచి ఉన్న రోగం.

4. ఇగ మా అన్న బాధ. నాలుగేండ్ల కింద, వయసు నిండిందని, ముసలోళ్లకు సర్కారు ఇచ్చే పింఛన్‌కు దరఖాస్తు పెట్టుకున్నడు. కంప్యూటర్ ముంగట కూసున్న పిల్ల, "తాతా, నువ్వు కంపెనీల నౌకరి చేస్తున్నవు గదా" అన్నదట.

"నేను చెయ్యలే బిడ్డా."

"చేస్తున్నవు తాతా. నెలనెలా జీతం గూడ పడుతున్నది."

మా అన్న ఆ పిల్లతోని ఎక్కువ మాట్లాడలే. మాట్లాడితే నా కొలువు పోతదని భయం. అట్లనే మర్లి ఇంటికి పోయిండు. నేను ఫోన్ చేసి, "ఆగన్నా, నేను రిటైరయినంక చూద్దాం" అన్న. ఆగిండు. ఇప్పుడు పెద్దపల్లిల ఒక రైస్ మిల్లుల బస్తాల మూతులు కుడుతున్నడు. కూసుంటె లేవరాదు, లేస్తె కూసోరాదు. బస్తాను పట్టుకొని లేస్తడు.

నేను రిటైరయిన. చూద్దామన్న రోజు వచ్చింది. వచ్చినంక తెలిసిందేమంటే, నేను పింఛన్ కాయితాల మీద సంతకం పెడితే ఆ పేరు నేను సచ్చేదాక తమరి రిజిస్టర్లనే ఉంటది. నేను సచ్చిననాడు సదయ్య సచ్చినట్టు రాస్తరు. మా అన్న బస్తాలు కుట్టుకుంట కూసునే ఉంటడు, మా వదిన అనసూర్య పుస్తెలతోని తిరుగుతనే ఉంటది, సదయ్య పెండ్లాం వితంతు పింఛన్ మాత్రం మా ఇంటామె యమున తీసుకుంటది. ఇది ఏ చట్టం ప్రకారం న్యాయమో తమరే చెప్పాలె.

5. రిటైరయిన ఆదివారం మా క్వార్టర్ల దావత్ చేసిన. అన్న, మనుమరాలు సంతోషిని ఎంబడి పెట్టుకొని వచ్చిండు. దానికి తొమ్మిదేండ్లు. తిన్నంక దోస్తులు "సదన్నా, ఆ బాయి కథ చెప్పవె, ఆఖరుసారి" అన్నరు. చెప్పిన. టోపీ పెట్టుకొని చెప్పిన. ఇల్లంత నవ్విన్రు. సంతోషి గూడ నవ్వింది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ పిల్ల, "తాతా, జడుసుకున్నవా?" అన్నది. మళ్ల నవ్వులు. మా అన్న పళ్లెంల ఎముకలు ఒక దిక్కు సదురుకుంట కూసున్నడు.

బస్టాండు దాక దించవోయిన. తొవ్వల అడిగిన, "అన్నా, పింఛన్ కాయితాలు వచ్చినయి. సంతకం పెట్టాల్నా, ఆగాల్నా?"

"పెట్టు. ముప్పై అయిదేండ్లు మోసినవు ఆ పేరును. ఇగ నీదే."

"మరి నీ పింఛన్?"

"నాకేం కమ్మి? చేతులాడుతున్నయి."

బస్సు ఎక్కినంక కిటికీల నుంచి తల బయటికి పెట్టి, "తమ్మీ, ఒక్కటి అడుగుత. ఈ పిల్ల ముంగట మాత్రం ఆ కథ చెప్పకు" అన్నడు. ముప్పై అయిదేండ్లల్ల మా అన్న నన్ను అడిగింది అదొక్కటే.

6. మర్నాడే తమరి ఆఫీసుకు వచ్చిన. కిటికీ కాడి సారు మంచోడు. ఇంటు గుర్తు పెట్టిన కాడ సంతకం చెయ్యమన్నడు. పెన్ను పట్టిన. 'స' రాసిన. ముప్పై అయిదేండ్లు కండ్లు మూసుకొని పెట్టిన సంతకం, ఆ తర్వాత అక్షరం రాలే. "ఏమైందయ్యా, పేరు మరిచినవా?" అన్నడు సారు. "అవును సార్" అన్న. పరాచికమనుకొని నవ్వి, పక్కోని దిక్కు తిరిగిండు. నేను సుత్లి కొరికిన.

మా పక్క క్వార్టరు శాంతిరాజన్న మైన్ ఆఫీసుల క్లర్కు చేసి రిటైరయినోడు. ఆయిన, "పిచ్చిపని చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఇద్దరి పింఛన్లూ పోతయి. సంతకం పెట్టు, నెలకింత మీ అన్న చేతుల పెట్టు" అన్నడు. అదీ యోచన చేసిన. పైసలు పెడితే మా అన్న తీసుకోడు. తీసుకున్నా, ఆయిన పేరు మీది సొమ్ము నేను దానం చేసినట్టయితది. గది ఇంకో పరాచికం.

సంతకం పెట్టనని, నాకు నిజంగ అరవై ఒకటి నిండేదాక ఆగుతనని యమునకు చెప్పిన. నాలుగో నాడు అన్నం పెట్టుకుంట అన్నది, "ఏడేండ్లు ఏం తింటం?"

"ఆటో నడుపుత."

"నీకు నడుపరాదు."

"నేర్చుకుంట. యాభై నాలుగే గదా నాకు."

"ఇన్నేండ్లు మా బావ పేరు మీది అన్నం తిన్న. ఇగ నీ పేరు మీద ఏం వండుతనో చూస్త" అన్నది. కూర ఇంకింత వేసింది. మా ఇంట్ల దాన్ని ఒప్పుకున్నట్టనే అంటరు.

కావున నా మనవి. పోశం అనేటోడే పనిచేసిండని, సదయ్య అనేటోడు ఒక్క రోజు గూడ జీతం తీసుకోలేదని విచారణ చేసి రాసుకోగలరు. వేలిముద్రలు అడిగితె ఇస్త. నా పింఛన్ ఇప్పుడు మొదలుపెట్టొద్దు. నాకు అరవై ఒకటి నిజంగ నిండేది ఇంకా ఏడేండ్లకు. అప్పుడు నా పేరు మీద, చట్టం ఒప్పుకుంటె, మొదలుపెట్టుండ్రి. ఒప్పుకోకపోతె మానుండ్రి. కాని మా అన్నకు ఏడేండ్లు ఆగే ఓపిక లేదు. నాలుగేండ్లు ఇప్పటికే ఆగిండు, నేను ఆగుమన్నందుకు. ఆయిన పేరు మీద ఏ నౌకరీ లేదని ఒక్క కాయితం ఇప్పిస్తే, ఆ కంప్యూటర్ పిల్ల ముంగట పెట్టుకుంటడు.

పై సంగతులు చిత్తగించి, కోపం వస్తే నా మీద, దయ వస్తే మా అన్న మీద చూపగలరని ప్రార్థన.

తమ విధేయుడు,
పోశం
(ఈ సంతకం కొత్తది. వంకరగ వచ్చింది, మన్నించాలె.)

తా.క. పెన్ను దీనితోని జతచేసిన. ఈ అర్జీ దానితోనే రాసిన, సిరా కొంచెం తక్కువైంది. కొత్త సుత్లి మా అన్న బస్తాలు కుట్టేది. పండ్లతోని తెగదు.

ఇంకొకటి. రెండో నంబరుల రాసింది తమరు కొట్టేయాలె. అలవాటు కొద్ది చెయ్యి అట్లనే పోయింది, రాసినంక చూసుకున్న. అది జరుగలే. నాకు చదువబ్బలే, నాగలి పట్టరాదు, పేకాటకు మరిగిన. "వీడు కొలువు లేకుంటె ఆగమైతడు, నేనెట్లనన్న బతుకుత" అని మా అన్ననే ఇంట్ల చెప్పి, సైకిల్ మీద నన్ను బాయి కాడికి తీస్కపోయిండు. బాయి మూతి కాడ కాళ్లు వణికింది నాకు. గట్క కక్కుకున్నది నేను. మా అన్న నా మూతి తన తువ్వాలతోని తుడిచి, లాంపు నడుముకు కట్టి, "సదయ్య అని పిలుస్తరు. హాజర్ అను. నా పేరు ఎంబడి ఉన్నదంటె నేనున్నట్టే" అన్నడు. నేను పైకి వచ్చేదాక ఎనిమిది గంటలు అక్కడనే కూసున్నడు. వచ్చినంక నా ఎంబడి దిగినోళ్లు, "ఎవలు ఆయన, పొద్దటి సంది కూసున్నడు?" అని అడిగిన్రు. నాకు సిగ్గయింది. "మా అన్న. దిగుదామని వచ్చి జడుసుకున్నడు" అన్న.

మా అన్న ఇన్నడు. సద్దిగిన్నె నా చేతుల పెట్టి, సైకిల్ స్టాండు తీసిండు.