నేను కుట్టని గౌన్లు

ఒరేయ్ తమ్ముడూ,

నేను కొట్టు తెరవడానికి వెళ్తున్నా. నువ్వు లేవగానే మన వెబ్‌సైట్ తెరిచి, ఆ గౌన్ల ఫోటోలన్నీ పీకి పారెయ్. ఎవరో కుట్టినవి నెట్‌లోంచి తెచ్చి నా కొట్టు పేరు కింద పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయిరా?

నిన్న ఒకావిడ ఫోన్లో ఆ ముత్యాల గౌను చూపించి, అచ్చం ఇలాంటిదే కుట్టమంది. మేం చిరుగులకు రఫూ చేస్తామే తప్ప గౌన్లు కుట్టమని చెప్పేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. దొంగను చూసినట్టు చూసి వెళ్లిపోయింది.

నిన్నడిగితే ఏమన్నావు? "మన పనిలో చూపించడానికేముందక్కా, చిరుగు కనబడకుండా పోతుంది, అంతేగా!" అంతేగానా? ఆ కనబడకుండా పోవడానికే నా కళ్లు పోతున్నాయి.

కూర గిన్నె మీద మూత పెట్టాను. తిన్నాక గిన్నె కడుగు.

ఇంకో మాట. మేకుకు తగిలి బెత్తెడు చిరిగిందని మూల పడేశావే, ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించాను. వెలుతుర్లో పెట్టి వెతుకు. చిరుగు దొరికితే నీ గౌన్లు అలాగే ఉంచుకో. దొరక్కపోతే ఆ చొక్కానే మొదటి పేజీలో పెట్టు.

అక్క