జీపుకు మెట్టు

తమ్ముడూ, తాళం కోసం ఇల్లంతా తిరగెయ్యకు. జీపును పొద్దున్నే వెల్డింగ్ షాపులో వదిలేసి వచ్చాను. నేను పొలానికి పోతున్నాను. నాలుగింటికి నువ్వు వెళ్ళి, దగ్గర నిలబడి దానికి మెట్టు వేయించు. సుద్దతో గీత పెట్టాను, దానికి అంగుళం కూడా పైకి పోనివ్వకు. అమ్మ కాలు ఎంత లేస్తుందో వంటింటి గడప దగ్గర చూసి పెట్టిన గీత అది.

కొండలెక్కే బండి కావాలని, ఉన్న చిన్న కారు అమ్మేసి ఈ జీపు కొన్నావు. ఏడాదిలో ఇది ఎక్కిన కొండ కూరగాయల బజారు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఒక్కటే. చాలదన్నట్టు ఇంకా పెద్ద టైర్లు వేయించావు. రోజూ ఎక్కి దిగేది ఎవరో చూసుకోవద్దా?

సోమవారం ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు అమ్మను బస్తా ఎత్తినట్టు ఎత్తి సీట్లో వేశావు. "నీకు క్రేను తెప్పించాలే అమ్మా" అన్నావు. ఎదురింటివాళ్ళు నవ్వారు. నువ్వూ నవ్వావు. అమ్మా నవ్వింది. పక్కనే కూర్చున్నవాణ్ణి నేను, దారి పొడుగునా ఆమె తల ఎత్తలేదు.

అప్పటినుంచి మోకాలి నొప్పి తగ్గిపోయింది, ఇక డాక్టరు అక్కర్లేదు అంటోంది. ఏం తగ్గింది? గోడ పట్టుకుని నడుస్తోంది, మనం చూస్తే చెయ్యి తీసేస్తోంది. నీ కళ్ళకు ఆ టైర్లు తప్ప ఏమీ ఆనవు.

గురువారం పదింటికి డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు. తనంతట తాను ఎక్కేదాకా ఆగు. హారన్ కొట్టావో, ఊరుకోను.

మెట్టు తనకోసమని మాత్రం అమ్మతో అనకు. అన్నయ్యకు నడుం పట్టేసింది, వాడికోసం వేయించాను అని చెప్పు. నేనూ నాలుగు రోజులు వంగి నడుస్తాలే.