తమ్ముడి సుడి

చిరంజీవి తబితకు,

పెదనాన్న ఆశీస్సులు. "దేవుని కృప వల్ల" అని మొదలుపెట్టమని మీ పెద్దమ్మ ప్రిస్కిల్లా పోరుతోంది. ఆవిడ మాటగానే రాస్తున్నాను: కొవ్వూరులో అందరం బాగానే ఉన్నాం. వేలూరు హాస్టల్లో నైట్ డ్యూటీలతో నువ్వు చిక్కిపోయావని మీ అమ్మ బెంగ. వేళకు తిను.

ఫోనులో అడగలేక ఉత్తరం రాశానన్నావు. నేనూ ఫోనులో చెప్పలేను.

మీ నాన్న జుట్టు నా తలమీద నిజంగా మొలిచిందా అని అడిగావు. మొలిచిందమ్మా. పెళ్లికి ముందు నేను నాటించుకున్న పాత జుట్టు నీకు తెలుసుగా, వరి కుదుళ్లలా దుబ్బులు, మధ్యలో బోడి నేల. బట్టతల జబ్బు కాదు, నేరమూ కాదు. మనిషికి సిగ్గు నేర్పి, ఆ సిగ్గుకు మందు అమ్మే వ్యాపారం అది. ఏళ్ల తరబడి వ్యాసాల్లో దాన్ని తిడుతూనే ఉన్నాను, టోపీ పెట్టుకుని! రాజమండ్రిలో కొత్త డాక్టరు ఆ దుబ్బులు పెకలించి, చీల్చి, వెంట్రుకలు విడివిడిగా నాటుతానన్నాడు. అయినా చాలవన్నాడు. నాటే వెంట్రుకలు తీసేది తల వెనకనుంచి, నా తల వెనక భాగమంతా పాత కోత మచ్చే. పరాయివాళ్ల జుట్టు ఒంటికి పట్టదు, మాలాంటి ఒకే పోలిక కవలలదైతే పడుతుందట. పరీక్షలయ్యాక మీ నాన్న బల్లమీద బోర్లా పడుకుని, "ఒరే అన్నయ్యా, నీ తలమీద కౌలుకి దిగుతున్నాను. ఖాళీ చెయ్యమంటే చెయ్యను, ముందే చెప్తున్నా" అని నవ్వాడు.

నాటిన జుట్టు ముందు రాలిపోయి, కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది. అది రాలుతున్న రోజుల్లోనే మీ నాన్న, నా వసంత్, వంతెన మీద బండి ఆపి, రెయిలింగుకు ఆనుకుని కూర్చుని, ఇక లేవలేదు. వాడి సమాధికి మనం సున్నం వేయించాక ఇది మొలవడం మొదలైంది.

మీ అమ్మ చర్చి ఎందుకు మానేసిందని కూడా అడిగావు. డాక్టరు వెంట్రుకలన్నీ ముందుకు వాలేలా నాటాడు. అవి ఎడమకు తిరిగి సుడి కట్టాయి. మీ నాన్నకు నుదుటిపైన ఉండేదే ఆ సుడి. నాకు నడినెత్తిన ఒక్కటే ఉండేది. ఆరాధన అయ్యాక సంఘంలోని అచ్చాయమ్మ నా తలలోకి తొంగిచూసి, మీ అమ్మ వింటుండగానే, "రెండో సుడి వచ్చిందండోయ్! రెండు సుడులుంటే ఇద్దరు పెళ్లాలంట. మన ఆశాజ్యోతి వీధి కూడా దాటక్కర్లేదు" అంది. అందరూ నవ్వారు. మీ అమ్మ బైబిలు తీసుకుని వెళ్లిపోయింది.

"వాక్యం చదివే నోటితో సుడులు లెక్కపెడతారా? మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని చూసి నవ్వడానికా సంఘం?" అని అరిచాను.

"సరదాకన్నానండి, అంత కోపమేంటండీ" అంది అచ్చాయమ్మ.

ఇంతవరకూ కోపంతో రాసేశాను. మిగిలింది రాయడానికి కోపం సాయం రావడం లేదు.

మొన్న మధ్యాహ్నం మీ పెద్దమ్మ బజారుకు వెళ్లింది. నేను వరండాలో పేపరు మీదికి తల వంచుకుని చదువుతున్నాను. మీ అమ్మ గేటు తీసుకుని వచ్చింది. నన్నెప్పుడూ "బావగారూ" అనే మనిషి, మెట్టు దగ్గర ఆగి, "ఏమండీ" అంది. మీ నాన్నను పిలిచే పిలుపు.

"ఊఁ, చెప్పు ఆశా" అన్నాను.

ఆమెను నేనెన్నడూ అలా పిలవలేదు. ఆ సాగదీత నాది కాదు. కావాలని అనలేదు తల్లీ.

మీ అమ్మ మెట్టు మీద కూర్చుని, మోటారు పాడైందని, నీకు ఆవకాయ పంపాలని, చర్చిలో ఎవరెవరు నవ్వారో, అన్నీ చెప్పుకుంది. నేను తల ఎత్తలేదు. ఎత్తితే, ముఖం ఒకే పోలికైనా, నా చూపులో ఆమెకు బావగారు కనపడతాడు. కాసేపటికి లేచి, "సాయంత్రం తొందరగా వచ్చేయండి" అని వెళ్లిపోయింది.

నిన్న కూడా వచ్చింది. నీకు చెప్పలేక దాచుకున్నది ఇది: ఆమె రాకముందే నేను తల వంచుకుని కూర్చున్నాను.

నన్ను నేను నమ్మను. డాక్టరును అడిగాను. పాత దుబ్బులు పెకలించినట్టే దీన్నీ పెకలించవచ్చన్నాడు. ఈస్టరు వెళ్లాక తీయించేస్తాను. అది మీ నాన్నది గనక నీకు చెప్పకుండా తీయించే హక్కు నాకు లేదు. సెలవు పెట్టుకుని ముందే రా. ఒకసారి చేత్తో తాకి చూసుకో. కానీ గేటులోంచే "పెదనాన్నా" అని పిలువు. ఇంకేమని పిలిచినా పలికేస్తానేమోనని భయంగా ఉంది.

ఇట్లు,
నీ పెదనాన్న,
ప్రసన్నకుమార్