కళ్లకద్దుకున్న సమను

వరంగల్,
తేది 25-11-1985.

ఉచిత న్యాయ సహాయ సంఘం కార్యదర్శి గారి సముఖమునకు,
సుబేదారి, హనుమకొండ.

అర్జీదారు: తాహెరా బేగం, తండ్రి మర్హూం (కీర్తిశేషులు) యాకూబ్ పాషా, వయస్సు 54, వృత్తి జంపఖానాలు నేయుట, నివాసం కొత్తవాడ.

విషయం: కువైట్ కోర్టులో నా చెల్లెలు జాహెదాపై ఆమె భర్తకు అనుకూలముగా వచ్చిన తీర్పు, నాలుగేండ్ల పిల్లను తల్లికి ఇప్పించుటకై అప్పీలు గడువు లోపల వకీలు సహాయం కోరుట గురించి.

అయ్యా,

అప్పీలుకు గడువు ముప్పది దినములు. పందొమ్మిది గడిచినవి. కనుక జరిగినది జరిగినట్లు వ్రాసుకొనుచున్నాను.

1. జాహెదా మా ఇంట ఆఖరు సంతానం. ఆమెను నేనే పెంచితిని. ఆమె భర్త ఖాజా పాషా కువైట్‌లో ఒక కంపెనీ బండి నడుపును. పెండ్లి తరువాత ఆమెను అక్కడికి తీసుకుపోయెను. కూతురు ఫర్జానా అక్కడనే పుట్టినది.

2. ఈ సంవత్సరం ఫిబ్రవరిలో మా అమ్మకు జబ్బు ముదిరినదని తెలిసి జాహెదా ఒక్కతే వచ్చినది. పిల్ల పేరు తండ్రి పాస్‌పోర్టులో ఉండుటచే పిల్ల అక్కడనే ఉండవలసి వచ్చెను. “నెల రోజులే గద, నువ్ పోయి రా, పిల్లను నేను చూస్కుంట” అని అతను చెప్పి పంపినాడట. అమ్మ మార్చిలో పోయినది. తిరుగు వీసా అతనే పంపవలెను. పంపలేదు. ఉత్తరములకు జవాబు లేదు.

3. జూన్ నెలలో చెల్లెలి పేర కువైట్ నుండి ఒక రిజిస్టరు కవరు వచ్చినది. అందులో దళసరి కాగితం, అంతా అరబ్బీ, పైన బిస్మిల్లా. మాకు ఉర్దూ మాట్లాడుట వచ్చును, చదువుట రాదు. నాకు అరబ్బీ అక్షరములు ఖురాన్ షరీఫ్ ఓదుటకు మాత్రమే వచ్చును, అర్థము తెలియదు. అక్కడ ఇల్లు దాటక ఉండిన జాహెదాకును అంతే. అంతకు ముందు ఏడు ఖాజా పాషా ఇటువంటి కాగితముపైనే అచ్చు వేసిన దువా, అనగా ప్రార్థన, ఒకటి పంపియుండెను. ఇదియు అట్టిదే, వీసా వచ్చు వరకు మనసు నిమ్మళం కొరకు పంపినాడని నేను అంటిని. పచ్చ గుడ్డలో చుట్టి ఖురాన్ షరీఫ్ పక్కన గూటిలో పెట్టించినది కూడ నేనే.

4. నాలుగు నెలలు ప్రతి దినం తెల్లవారుజామున ఫజర్ నమాజు తరువాత నా చెల్లెలు ఆ కాగితమును కళ్లకు అద్దుకొని, పిల్ల పేరు తలచుకొని, మరల గూటిలో పెట్టినది. పక్కింటి చిలుకమ్మ మనుమరాలికి జ్వరము వచ్చినప్పుడు ఆ కాగితమును ఆ పిల్ల నుదుటికి కూడ తాకించితిమి.

5. అక్టోబరులో మా అమ్మ పేర ఫాతెహా చదివించగా కాజీపేట నుండి మా దూరపు బంధువు ఇమాం పాషా వచ్చినాడు. పదేండ్లు కువైట్‌లో పని చేసినవాడు, అరబ్బీ తెలియును. ఆశీర్వాదము కదా, నలుగురికీ చదివి వినిపించుమని నేనే ఇచ్చితిని. సగము చదివి కాగితం మడిచినాడు.

“ఆపా, గిది ఎన్నడొచ్చింది?”

“జూన్ల.”

“గిది దువా కాదు ఆపా. కోర్టు సమను. జూలై ఇరవైకి జాహెదాను హాజరు కమ్మన్నరు. రాకుంటే కాయిదమన్న పంపుమన్నరు. తలాఖ్ ఇచ్చిన, పిల్ల నాకే ఉండాలె అని ఖాజా పాషా కేసేసిండు.”

ఫాతెహాకు వచ్చిన చిలుకమ్మ, “ఏ కాయిదమైతే ఏంది అక్కా, మా పొల్లకు జరం తగ్గింది గద” అన్నది. నవ్వించవలెననే అన్నది. ఎవరమూ నవ్వలేదు. ఆమె కొంగు అడ్డము పెట్టుకొని వెళ్లిపోయినది.

6. జాహెదా ఏడ్వలేదు. పోయి మగ్గము మీద కూర్చున్నది. ఆనాడు నేసిన జంపఖానాలో పట్టె మార్చుట మరచి, మూడు గజములు ఒకే ఎరుపు నేసినది. నేను చూచియు చెప్పలేదు.

7. ఈ నెల ఆరవ తేదీన తీర్పు కాగితం వచ్చినది. ఈసారి ఆ దినమే కాజీపేటకు తీసుకుపోయితిమి. తలాఖ్ ఖాయమనియు, పిల్ల తండ్రి వద్దనే ఉండవలెననియు, తల్లికి సమను అందియు ఆమె జవాబు ఇయ్యలేదు గనుక ఆమెకు పిల్ల అక్కర లేనట్లు భావించితిమనియు అందులో ఉన్నదట. తలాఖ్ విషయమై మాకు ఫిర్యాదు లేదు. పిల్ల అక్కర లేదన్న మాట తప్పు.

8. తమ ఆఫీసుకు రెండుసార్లు వచ్చితిమి. గుమాస్తా వెంకట్రాజం గారు మంచినీళ్లు ఇచ్చి, మర్యాదగానే మాట్లాడిరి. ఫారములో భర్త రాబడి గడి వద్ద ఆగిపోయిరి.

“అమ్మా, పెనిమిటి కువైట్ల ఉన్నడంటే మీరు గరీబోళ్ల లెక్కలకు రారు.”

“కేసు ఆయన మీదనే గద సార్.”

“గది నిజమే. గని గడి ఖాళీగ ఇడువరాదు గదమ్మా.”

తీర్పు ప్రకారము ఆమెకు భర్త లేడు. ఫారము ప్రకారము ఉన్నాడు. ఆ గడిలో ఏమి వ్రాయవలెనో తమరే సెలవియ్యవలెను.

9. కావున కోరునవి: అక్కడి కోర్టులో నిలబడగల వకీలును, లేనిచో రాయబార కార్యాలయము ద్వారా జవాబు పంపు దారిని, గడువు లోపల చూపవలెను. ఆ జవాబులో ఒక మాట తప్పక వ్రాయించవలెను. తల్లి జవాబు ఇయ్యకుండ ఊరకుండలేదు. ఆ కాగితమును దినము కళ్లకు అద్దుకున్నది. దానిని దువా అన్నది పెద్దక్క. తప్పు పెద్దక్కది. శిక్ష ఏదైన ఉన్నచో నా పేర వ్రాయించవలెను. వేలిముద్ర కాదు, సంతకమే చేయగలను.

రెండు కాగితములు అసలువి జత చేసితిని. వానిపై అల్లా పేరు ఉన్నది. నేల మీద పెట్టనియ్యరాదని మనవి.

మిగిలిన పదకొండు దినములను తమ చేతిలో పెట్టితిని, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
తాహెరా బేగం

మరియొక మాట. మొన్న కువైట్ నుండి వచ్చిన ఒకతను క్యాసెట్టు ఒకటి తెచ్చి ఇచ్చినాడు. అందులో పిల్ల మాట్లాడినది. అంతా అరబ్బీయే, మన మాట ఒక్కటి లేదు. ఇమాం పాషా విని, “ఏం లేదు, బువ్వ తిన్న, బడికి పోతాన అంటాంది” అన్నాడు. “నన్ను అడిగిందా అన్నా?” అని జాహెదా అడిగినది. “టేపు గాడికే అయిపోయింది” అన్నాడు. కాని టేపు అప్పటికి ఇంకను తిరుగుచుండెను. పిల్ల మాట్లాడుచునే ఉండెను. ఇమాం పాషా మంచివాడు, నేను మరల అడుగలేదు. అరబ్బీ తెలిసిన వకీలు దొరికినచో క్యాసెట్టు తెచ్చి ఇత్తును. అందులో ఏమున్నదో ముందు నాకు చెప్పండి సార్. చెల్లెకు నేను చెప్పుకుంట.